భుజం ఓర్చుకునే వేట రైఫిల్‌ను ఎంచుకోవడం ఎలా?

పెద్ద జంతువుల వేటకు కొత్తగా రైఫిల్ కొనేవాళ్ళు ఎక్కువమంది అడిగే మొదటి ప్రశ్న "ఏ క్యాలిబర్ అయితే జంతువు ఠక్కున పడిపోతుంది?" అని. క్యాలిబర్ అంటే గుండు వ్యాసం, దాన్ని బట్టే తూటాకు పేరు. నన్నడిగితే ముందు తేల్చుకోవాల్సింది అది కాదు. ఏ రైఫిల్‌ను మీరు కళ్ళు మూసుకోకుండా, భుజం బిగపట్టకుండా, వరసగా పది తూటాలు పేల్చగలరో అది తేల్చుకోవాలి. పేల్చేవాడు తుపాకీకి భయపడితే గుండు పక్కకు పోతుంది. పొట్టలో గుండు దిగిన జింక పొదల్లో పడి గంటల తరబడి చస్తుంది. వేటలో అంతకన్నా పాపం నాకు తెలియదు.

విశాఖలో ఎంవీపీ కాలనీలోనో సీతమ్మధారలోనో ఏ అపార్ట్‌మెంట్‌కి వెళ్ళినా, పిల్లలు డాలస్‌లోనో డెన్వర్‌లోనో ఉన్న ఇళ్ళు నాలుగైనా కనిపిస్తాయి. ఆ పిల్లల్లో కొందరు అక్కడి స్నేహితులతో కలిసి లైసెన్సు తీసుకుని జింకల వేటకు వెళ్తున్నారు. ఇంకొందరు దక్షిణాఫ్రికా, నమీబియా ట్రిప్పులు వేస్తున్నారు. నేను నేవీలో చాలాకాలం కుర్రాళ్ళకు రైఫిల్ పట్టుకోవడం నేర్పినవాణ్ణి కాబట్టి ఫోన్లు నాకు వస్తుంటాయి. ఫోన్లో ముక్కలు ముక్కలుగా చెప్పేదంతా ఇక్కడ ఒకచోట పెడుతున్నాను.

అన్నిటికన్నా ముందు చట్టం

మన దేశంలో వేట నిషేధం. 1972 వన్యప్రాణి సంరక్షణ చట్టం ప్రకారం అరకు, చింతపల్లి అడవుల్లో గానీ, ఊరిని ఆనుకునే ఉన్న కంబాలకొండలో గానీ ఏ అడవి జంతువు మీదా తుపాకీ ఎత్తడానికి లేదు. మనుషులకు ప్రమాదంగా మారిన జంతువు విషయంలో కూడా నిర్ణయం వన్యప్రాణి విభాగం అధికారులదే. పొలంలో పంది పడింది కదా అని నాటు తుపాకీ తీసే హక్కు ఎవరికీ లేదు. కాబట్టి ఈ మార్గదర్శి అంతా వేట చట్టబద్ధంగా ఉన్న దేశాల్లో వేటాడేవాళ్ళ కోసమే.

అమెరికాలో ఉన్న మనవాళ్ళు ఒక సంగతి తప్పకుండా తెలుసుకోవాలి. హెచ్-1బీ, ఎఫ్-1 లాంటి నాన్‌ఇమ్మిగ్రెంట్ వీసా మీద ఉన్నవాళ్ళు తుపాకీ గానీ తూటాలు గానీ దగ్గర పెట్టుకోవడాన్ని అక్కడి ఫెడరల్ చట్టం మామూలుగా నిషేధిస్తుంది. ఏదైనా ఒక రాష్ట్రం ఇచ్చిన, గడువు తీరని హంటింగ్ లైసెన్సు ఉంటే మినహాయింపు వర్తిస్తుంది. గ్రీన్‌కార్డు వచ్చినవాళ్ళకు ఈ అడ్డంకి లేదు. రాష్ట్రాల నిబంధనలు వీటికి అదనం. స్నేహితుడి తుపాకీ కాసేపు పట్టుకోవడం కూడా "దగ్గర పెట్టుకోవడం" కిందికే రావచ్చు. వీసా మీద ఉన్నవాళ్ళు షూటింగ్ రేంజ్‌కి వెళ్ళేముందే లాయర్‌ని అడిగి తేల్చుకోండి. స్టేటస్‌కే ముప్పు తెచ్చే విషయం ఇది.

వేటగాళ్ళ శిక్షణ కోర్సు కూడా ఉంటుంది. టెక్సస్‌లో 1971 సెప్టెంబరు 2న గానీ, ఆ తర్వాత గానీ పుట్టినవాళ్ళకూ, కొలరాడోలో 1949 జనవరి 1 నుంచి పుట్టినవాళ్ళకూ అది తప్పనిసరి. తప్పనిసరి కాకపోయినా చేయండి.

మొదటి మెట్టు: ఏ జంతువు, ఎంత దూరం

కాగితం మీద రాసుకోండి. "టెక్సస్‌లో వైట్‌టెయిల్ జింక, అడవిపంది, 150 గజాల లోపు" అని రాస్తే మీ అవసరం చాలా చిన్నదని మీకే అర్థమవుతుంది. "కొలరాడోలో ఎల్క్ (బాగా పెద్ద జింక జాతి), 300 గజాల లోపు" అంటే ఇంకో మెట్టు పైకి. ఆఫ్రికాలో ఇంపాలా, కుడూ లాంటివి మధ్యలో వస్తాయి. అడవిదున్న, ఏనుగు లాంటి ప్రమాదకరమైన జంతువుల లెక్క పూర్తిగా వేరు. చాలా ఆఫ్రికా దేశాల్లో వాటికి .375 అంగుళాల క్యాలిబర్ కంటే తక్కువ పనికిరాదు. మొదటి రైఫిల్ కొనేవాళ్ళు ఆ వైపు చూడనే వద్దు.

స్థానిక నిబంధన కూడా పక్కనే రాసుకోండి. కొలరాడోనే తీసుకుంటే, పెద్ద జంతువులకు క్యాలిబర్ కనీసం .24, అంటే 6 మిల్లీమీటర్లు ఉండాలి. గుండు తగలగానే విచ్చుకునే రకం అయ్యుండాలి. జింకకైతే కనీసం 70 గ్రెయిన్లు (గుండు బరువు కొలిచే చిన్న ప్రమాణం), ఎల్క్‌కి 85 గ్రెయిన్లు తూగాలి. నూరు గజాల దగ్గర కనీసం 1,000 అడుగు-పౌండ్ల శక్తి మిగలాలి. ఎల్క్ వేటకు పేరుపడ్డ రాష్ట్రం పెట్టిన కనీస హద్దే ఇంత తక్కువ. కొట్లో కుర్రాడు మాగ్నమ్ (ఎక్కువ మందు పట్టే బలమైన తూటా) రైఫిల్ చేతిలో పెడుతున్నప్పుడు ఈ అంకెలు గుర్తు తెచ్చుకోండి.

రెండో మెట్టు: వెనక తన్నును లెక్కగట్టండి

"ఇది బాగా తంతుంది", "అది మెత్తగా ఉంటుంది" అన్న మాటల్ని నమ్మక్కర్లేదు. రీకాయిల్‌ను కాగితం మీద లెక్క కట్టొచ్చు. పదో తరగతి ఫిజిక్స్ చాలు.

గుండు, దాని వెనక మండిన మందు వాయువూ కలిసి ఎంత ద్రవ్యవేగంతో ముందుకు వెళ్తాయో, రైఫిల్ అంతే ద్రవ్యవేగంతో వెనక్కి వస్తుంది. .308 విన్‌చెస్టర్ తీసుకుందాం. గుండు 150 గ్రెయిన్లు, అంటే 9.72 గ్రాములు. వేగం సెకనుకు 860 మీటర్లు. గ్రాముల్ని కిలోల్లోకి మార్చి గుణిస్తే 8.36. మందు సుమారు 3 గ్రాములు. దాని వాయువు సుమారు 1,220 మీటర్ల వేగంతో బయటికి వస్తుందనుకుంటే మరో 3.66. మొత్తం సుమారు 12.

ఇప్పుడు 12ను 12తో గుణించి, రైఫిల్ బరువుకు రెట్టింపుతో భాగించండి. స్కోపు, పట్టీ, తూటాలతో కలిపి 3.4 కిలోలుంటే 144ను 6.8తో భాగించాలి. 21 జౌళ్ళు వస్తుంది, అదే తన్ను శక్తి. ఇదే తూటాను 2.7 కిలోల తేలిక రైఫిల్‌లో పేలిస్తే 26.7 జౌళ్ళు. 3.9 కిలోల రైఫిల్‌లో 18.5. తూటా అదే, జంతువుకు తగిలే దెబ్బా అదే. మారింది మీ భుజానికి తగిలేది మాత్రమే.

సర్వీసులో 7.62 ఎస్‌ఎల్‌ఆర్ (సెల్ఫ్ లోడింగ్ రైఫిల్) పేల్చినవాళ్ళు ".308 మాకు కొత్తేమీ కాదు" అంటారు. తూటా దాదాపు అదే, నిజమే. కానీ ఎస్‌ఎల్‌ఆర్ నాలుగు కిలోలకు పైనే తూగుతుంది, పైగా గ్యాస్‌తో నడిచేది కాబట్టి తన్ను కాస్త సాగి వస్తుంది. అదే తూటా తేలికపాటి బోల్ట్ రైఫిల్‌లో (ప్రతి తూటానూ చేత్తో పిడి లాగి ఎక్కించేది) చురుక్కుమని తగులుతుంది. ఎన్‌సీసీ రోజుల్లో .303 పేల్చి, మర్నాడు భుజం పట్టేసి, క్యాంపులో చెయ్యెత్తలేకపోయిన పెద్దవాళ్ళు మన ఊళ్ళో ఇంకా ఉన్నారు. అది నాలుగు కిలోలకు దగ్గరగా ఉన్న బరువైన రైఫిలే. కానీ మడమకు, అంటే భుజానికి ఆనించే వెనక కొసకు, మెత్త ఉండేది కాదు, చెవికి రక్షణ ఉండేది కాదు, ఎలా ఆనించుకోవాలో చెప్పేవాళ్ళు తక్కువ. బరువొక్కటే కాదని చెప్పడానికి ఇంతకన్నా రుజువు అక్కర్లేదు.

అందరికీ 3.4 కిలోల రైఫిలే ఇచ్చి, మామూలు ఫ్యాక్టరీ తూటాలతో పై పద్ధతిలోనే లెక్క వేస్తే సుమారుగా ఇలా వస్తాయి:

.243 విన్‌చెస్టర్, 100 గ్రెయిన్లు: 13 జౌళ్ళు
6.5 క్రీడ్‌మూర్, 140 గ్రెయిన్లు: 17
7 ఎంఎం-08, 140 గ్రెయిన్లు: 18
.308 విన్‌చెస్టర్, 150 గ్రెయిన్లు: 21
.270 విన్‌చెస్టర్, 130 గ్రెయిన్లు: 22
.30-06 స్ప్రింగ్‌ఫీల్డ్, 180 గ్రెయిన్లు: 29
.300 విన్‌చెస్టర్ మాగ్నమ్, 180 గ్రెయిన్లు: 39

కొత్తవాళ్ళకు 20 జౌళ్ళ లోపు హాయిగా ఉంటుంది. సాధన ఉన్నవాళ్ళు 27 దాకా బాగానే నెట్టుకొస్తారు. ఆ పైన గురి చెడనివాళ్ళు ఉంటారు గానీ తక్కువ. ఇది నా అనుభవంతో గీసుకున్న గీత. మీ ఒళ్ళు వేరే మాట చెబితే ఒంటి మాటే వినండి.

మూడో మెట్టు: క్యాలిబర్

జింకలు, అడవిపందులే అయితే 6.5 క్రీడ్‌మూర్ గానీ 7 ఎంఎం-08 గానీ తీసుకోండి. .243 కూడా జింకను చక్కగా పడగొడుతుంది. కాకపోతే పెద్ద పంది, ఎల్క్ విషయంలో దానికి చోటు చాలదు. జింకలతోపాటు ఎప్పుడో ఒకసారి ఎల్క్ కూడా అనుకుంటే 7 ఎంఎం-08, .308 రెండూ సరిపోతాయి. నేను మొదట చెప్పే పేరు 7 ఎంఎం-08. 1980లో రెమింగ్టన్ బజారులోకి తెచ్చినప్పటినుంచీ దానికి రావాల్సినంత పేరు రాలేదు. దాని వల్ల ఒక చిక్కు కూడా ఉంది: చిన్న ఊళ్ళ కొట్లలో .308, 6.5 తూటాలు దొరికినంత తేలిగ్గా దీనివి దొరకవు. తూటాల కోసం తిరిగే ఓపిక లేనివాళ్ళు ఆ రెండింట్లో ఒకటి తీసుకోవడమే మంచిది.

7 మిల్లీమీటర్ల గుండు చిన్నదనిపిస్తే జిమ్ కార్బెట్‌ను తలుచుకోండి. మనుషుల్ని తినే చంపావత్ ఆడపులిని చంపినందుకు 1907లో ఆయనకు బహుమతిగా ఇచ్చిన రైఫిల్ రిగ్బీ కంపెనీ తయారుచేసిన .275. అది 7×57 మౌజర్‌కు ఇంగ్లండ్‌లో పెట్టుకున్న పేరు. తన్ను తక్కువ, గురి నికరం. 7 ఎంఎం-08 శక్తిలో దానికి దాదాపు సరిసమానం. ఆఫ్రికాలో డబ్ల్యూ.డీ.ఎం. బెల్ అనే వేటగాడు అదే తూటాతో వందల ఏనుగుల్ని కొట్టాడు. ఆ పని ఈ రోజుల్లో ఎవరూ చేయకూడదు, చట్టమూ ఒప్పుకోదు. ఆయన ఏనుగు పుర్రెల్ని కోయించి మరీ గుండు ఎక్కడ దిగాలో నేర్చుకున్నాడన్నది మాత్రం మనం పట్టుకోవాల్సిన సంగతి.

నాలుగో మెట్టు: రైఫిల్ మీ ఒంటికి సరిపోయిందా

మనవాళ్ళు ఎక్కువ దెబ్బతినేది ఇక్కడే. అమెరికాలో కొట్లో దొరికే మామూలు రైఫిల్‌కు ట్రిగ్గర్ నుంచి మడమ చివరి దాకా సుమారు 13.5 నుంచి 13.75 అంగుళాలు ఉంటుంది. అది అక్కడి సగటు మనిషికి పెట్టిన కొలత. ఐదడుగుల నాలుగు, ఐదు అంగుళాల మనిషికి, పైగా నవంబరు చలికి లావుపాటి జాకెట్ వేసుకున్నాక, ఆ మడమ పొడుగైపోతుంది. అప్పుడేమవుతుందంటే, మెడ చాచి స్కోపులోకి చూడాల్సి వస్తుంది, మడమ భుజం గుంతలో కూర్చోకుండా జబ్బ ఎముక మీదికి జారుతుంది. 18 జౌళ్ళ తన్ను కూడా ఎముక మీద పడితే ఓర్చుకోవడం కష్టం.

కొట్లో ఇలా చూడండి. తుపాకీ ఖాళీగా ఉందని మీ కళ్ళతో చూసి, మీ వేలితో తడిమి నిర్ధారించుకోండి. వేటకు వేసుకునే జాకెట్ వేసుకోండి. కళ్ళు మూసుకుని రైఫిల్‌ను భుజానికి ఎత్తి, దవడ మడమ మీద ఆనించి, అప్పుడు కళ్ళు తెరవండి. స్కోపు నిండుగా, చుట్టూ నల్లనీడ లేకుండా కనిపించాలి. తల ముందుకో పైకో జరపాల్సి వస్తే ఆ రైఫిల్ మీకు కుదరలేదన్నమాట. ట్రిగ్గర్ పట్టుకున్న చేతి బొటనవేలికీ ముక్కుకీ మధ్య రెండు వేళ్ళ సందు ఉండాలి. సందు లేకపోతే పేలినప్పుడు మీ బొటనవేలే మీ ముక్కును గుద్దుతుంది.

పొడుగైతే కాంపాక్ట్ మోడళ్ళు చూడండి. రూగర్ అమెరికన్ కాంపాక్ట్‌లో ఈ కొలత 12.5 అంగుళాలే. శావేజ్ కంపెనీ ఆక్యూఫిట్ రకం రైఫిళ్ళలో మడమ పొడవునూ, దవడ ఆనే ఎత్తునూ కూడా మార్చుకోవచ్చు. భార్యాభర్తలిద్దరూ ఒకే రైఫిల్ వాడాలనుకుంటే నేను ఆ రకమే కొనమంటాను. వెదర్‌బీ కమీలా ఆడవాళ్ళ ఒంటితీరుకు తగ్గట్టు చేసినది. ఇవేవీ నచ్చకపోతే మామూలు రైఫిల్ కొని, తుపాకీ పనివాడి దగ్గర మడమ కోయించుకోండి. పెద్ద ఖర్చేమీ కాదు.

కాంపాక్ట్ మోడళ్ళు బరువు కూడా తక్కువుంటాయన్నది మరవద్దు. రెండో మెట్టులో చెప్పిన లెక్క మళ్ళీ కట్టండి. స్కోపుతో కలిపి 3.2 నుంచి 3.8 కిలోల మధ్య ఉంటే కొండ ఎక్కడానికీ, పేల్చడానికీ రెండిటికీ కుదురుతుంది.

ఐదో మెట్టు: తన్నును ఇంకొంచెం తగ్గించే సాధనాలు

మడమకు మంచి రబ్బరు ప్యాడ్ వేయించండి. లింబ్‌సేవర్, పాక్‌మేర్ డిసిలరేటర్ లాంటివి బాగా పనిచేస్తాయి. తన్ను శక్తి తగ్గదు గానీ, ఒక్క క్షణంలో తగిలేది కొంచెం సాగి తగులుతుంది. ఖర్చుకు తగ్గ ఫలితం ఇచ్చేవాటిలో ఇదే మొదటిది.

గొట్టం కొసకు పెట్టే మజిల్ బ్రేక్ తన్నును మూడో వంతు దాకా, ఒక్కోసారి సగం దాకా తగ్గిస్తుంది. కానీ చప్పుడు పేల్చేవాడి వైపూ పక్కవాళ్ళ వైపూ తిరుగుతుంది. బ్రేక్ లేకుండానే వేట రైఫిల్ చప్పుడు 160 డెసిబెల్స్ దరిదాపుల్లో ఉంటుంది. వేటలో పక్కన నిలబడే గైడ్ చెవులు ఏమైపోవాలి? బ్రేక్ ఉంటే తప్ప పేల్చలేని రైఫిల్ కంటే, బ్రేక్ అక్కర్లేని క్యాలిబర్ మేలు. సప్రెసర్ అయితే తన్ను, చప్పుడు రెండూ తగ్గిస్తుంది. న్యూజిలాండ్‌లో వేటగాళ్ళు మామూలుగా వాడతారు. అమెరికాలో ఫెడరల్ రిజిస్ట్రేషన్ కావాలి, కొన్ని రాష్ట్రాలు అసలు ఒప్పుకోవు.

స్కోపు విషయంలో ఒక్కటే చూడండి: కంటికీ అద్దానికీ మధ్య కనీసం 9 సెంటీమీటర్ల దూరంలోనే బొమ్మ నిండుగా కనిపించాలి. తక్కువైతే కనుబొమ్మ చీరుకుంటుంది, ముఖ్యంగా కొండ పైకి గురిపెట్టినప్పుడు. ఒక్కసారి రక్తం కారిన మనిషికి ఆ బెదురు పోవడానికి ఏడాది పడుతుంది.

ఆరో మెట్టు: గుండు

చిన్న క్యాలిబర్‌తో పెద్ద పని చేయించేది మంచి గుండే. పైపొర, లోపలి సీసం విడిపోకుండా అతికించిన బాండెడ్ గుళ్ళు, నోస్లర్ పార్టిషన్, బార్న్స్ వాళ్ళ పూర్తి రాగి గుళ్ళు లోతుగా దిగుతాయి. కాలిఫోర్నియాలో 2019 జులై 1 నుంచి వేటకు సీసం గుళ్ళు నిషేధం, అక్కడ రాగివే వాడాలి. .30-06 ఇప్పటికే ఇంట్లో ఉంటే అమ్మేయక్కర్లేదు. 180 బదులు 150 గ్రెయిన్ల గుండు వాడితే 29 జౌళ్ళు 25కి దిగుతాయి. తన్ను తగ్గేలా చేసిన రీడ్యూస్డ్ రీకాయిల్ తూటాలు వాడితే ఇంకా దిగుతాయి.

ఏడో మెట్టు: బెదురు ఉందో లేదో పరీక్షించండి

కొనేముందు అద్దెకో, స్నేహితుడిదో అదే క్యాలిబర్ రైఫిల్ రేంజ్‌లో పేల్చి చూడాలి. ఊరికే పేలిస్తే తెలియదు. పరీక్ష ఇలా పెట్టాలి.

మా మేనల్లుడు డాలస్ దగ్గర ఉంటాడు, గ్రీన్‌కార్డు ఉంది. ఐదడుగుల ఆరంగుళాల మనిషి, వేటాడేది వైట్‌టెయిల్ జింకల్ని, కొన్నది .300 విన్‌చెస్టర్ మాగ్నమ్. "మావయ్యా, రేపెప్పుడైనా ఎల్క్‌కి వెళ్ళినా పనికొస్తుందట" అన్నాడు. రేంజ్‌లో నేను వెనక కూర్చుని, వాడి స్నేహితుడికి ఒక మాట చెప్పాను: మ్యాగజైన్ వాడికి కనపడకుండా నువ్వే నింపు, అసలు తూటాల మధ్య రెండు డమ్మీలు, అంటే పేలని ఉత్తుత్తి తూటాలు, కలుపు. మొదటి రెండు పేలాయి. మూడోసారి ట్రిగ్గర్ నొక్కగానే 'టక్' మని చప్పుడొచ్చిందంతే. తుపాకీ పేలలేదు. కానీ గొట్టం కొస బెత్తెడు కిందికి పోయింది, వాడి కుడి భుజం ముందుకు తోసింది, రెండు కళ్ళూ గట్టిగా మూసుకుపోయాయి. "ఏరా, పేలనే లేదు కదా, ఎందుకు తోశావు?" అన్నాను. వాడు తోశానని ఒప్పుకోలేదు. స్నేహితుడు ఫోన్లో తీసిన వీడియో చూపించాకే నమ్మాడు. ఇప్పుడు వాడి దగ్గర ఉన్నది 7 ఎంఎం-08. గొట్టం కదలడం లేదు.

డమ్మీ పడినప్పుడు గొట్టం కొస నిశ్చలంగా ఉంటే ఆ క్యాలిబర్ మీకు సరిపోయింది. కదిలితే ఒక మెట్టు కిందికి దిగండి. ఇందులో నామోషీ ఏమీ లేదు. కండలు తిరిగినవాళ్ళు బెదరడమూ, బక్కపల్చని ఆడపిల్లలు నిబ్బరంగా పేల్చడమూ నేను ఎన్నోసార్లు చూశాను.

బెదురు సగానికి పైగా చప్పుడు వల్లే పుడుతుంది. చెవుల్లో ప్లగ్గులు, వాటిమీద మఫ్‌లు, రెండూ పెట్టుకునే పరీక్ష చేయండి. బెంచి మీద కూర్చుని పేల్చినప్పుడు ఒళ్ళు వెనక్కి ఊగడానికి వీలుండదు కాబట్టి తన్ను ఇంకా గట్టిగా అనిపిస్తుంది. స్కోపు సరిచేసుకునేటప్పుడు భుజానికీ మడమకీ మధ్య చిన్న ఇసుక సంచి పెట్టుకోండి. ఒక పూటకు 15, 20 తూటాలు చాలు. "ఇంకొక్క పెట్టె" అన్నారంటే బెదురును మీరే నేర్చుకుంటున్నట్టు.

ఎనిమిదో మెట్టు: కొన్నాక

ఎక్కువ సాధన .22తో చేయండి. తూటా చవక, తన్ను లేదు, ట్రిగ్గర్ మెల్లగా నొక్కే అలవాటు వేలికి వస్తుంది. ఖాళీ రైఫిల్‌తో ఇంట్లో డ్రై ఫైర్ (తూటా లేకుండా ట్రిగ్గర్ నొక్కే సాధన) కూడా చేయొచ్చు, తూటాలన్నీ వేరే గదిలో పెట్టాకే. సెలవులకు విశాఖ వచ్చినప్పుడు చెయ్యి ఊరుకోకపోతే 10 మీటర్ల ఎయిర్ రైఫిల్ రేంజ్‌కి వెళ్ళండి. ఊపిరి, వేలు, చూపు ఈ మూడూ ఎక్కడైనా ఒకటే.

ఆఫ్రికా ట్రిప్పుకు వెళ్ళేవాళ్ళు రైఫిల్ అక్కడే అద్దెకు తీసుకోవచ్చు. బుక్ చేసేటప్పుడే .308 గానీ 7×57 గానీ కావాలనీ, మడమ పొడవు ఎంతుందో చెప్పమనీ మెయిల్ పెట్టండి. వెళ్ళిన మొదటి రోజు వేట వద్దు, ఆ రైఫిల్‌తో టార్గెట్ మీద పేల్చి చూసుకోండి. కొమ్ములు, చర్మాలు ఇండియాకు తేవాలనుకుంటే దిగుమతి అనుమతుల సంగతి బయల్దేరకముందే తేల్చుకోండి.

సీజన్‌కు రెండు వారాల ముందు చివరి పరీక్ష. నూరు గజాల దూరంలో 20 సెంటీమీటర్ల పేపర్ ప్లేట్ పెట్టండి. జింక ఛాతీలో గుండె, ఊపిరితిత్తులు ఉండే చోటు దాదాపు అంతే ఉంటుంది. బెంచి వద్దు. మోకాలి మీద కూర్చుని, నడిచి అలిసిన ఊపిరితో, వేట జాకెట్ వేసుకుని ఐదు తూటాలు పేల్చండి. ఐదూ ప్లేట్‌లో పడితే నూరు గజాలకు మీరు సిద్ధం. తర్వాత 150కి, 200కి జరపండి. ఒక్కటి బయటికి పోయినా, ఆ సీజన్‌లో అంతకు ముందు దూరమే మీ హద్దు. బయల్దేరే రోజు స్కోపు మౌంటు స్క్రూలు ఒకసారి బిగించి చూడండి, కారు కుదుపులకు అవి వదులవుతుంటాయి.